విత్తనపు కొట్టులోని రేడియో వల: లినక్సుకు ప్రాక్సీ గుమ్మము చేర్చుటను గూర్చి

గడచిన వానకాలమున మన సంఘపు విత్తనపు కొట్టులో పదునాలుగు బస్తాల వరివిత్తనము ముక్కిపోయిన సంగతి సభ్యులందఱును ఎఱుగుదురు. ఆ కొట్టులో వేడిమిని, గాలిలోని తేమను కొలుచు చిన్న యంత్రములు ఇరువది యున్నవి గదా, అవి యేమి చేయుచుండెను? ఆ వార్త మా జేబులలోని సెల్‌ఫోనులకు ఏల రాలేదు? అని పలువురు మమ్ము ప్రశ్నించిరి. సర్వసభ్య సమావేశమున రెండు మాటలలో చెప్పబోయి మేము ఎవరికిని తృప్తి కలుగునట్లు చెప్పలేకపోతిమి. కావున ఈ సంచికలో కొంత తీరికగా వ్రాయుచున్నాము.

యంత్రములు తమ పని తాము చేసినవి. పడమటి గోడవైపు కప్పు కారి బస్తాలు చెమ్మగిల్లిన నాటినుండి అవి ఆ సంగతిని రేడియో మూలమున చాటుచునే యుండెను. వినువారే లేకపోయిరి. వానిని అమ్మిన వర్తకుడు గోడకు ఒక తెల్లని పెట్టెను బిగించి, మన ఫోనులు ఆ పెట్టెతో మాత్రమే మాటలాడునట్లు ఏర్పాటు చేసి యుండెను. వానలకు ముందు పడిన పిడుగుకు ఆ పెట్టె కాలిపోయెను. వర్తకుడు అప్పటికే ఆ వ్యాపారము మానుకొనెను. ఆఱు దినముల పిమ్మట వాసన వచ్చి, బస్తాలు విప్పి చూచువఱకు ఎవరికిని తెలియదు. విత్తనపు వరిలో తేమ నూటికి 13 పాళ్లు మించరాదనియు, గాలి చొరని సంచులలో కట్టినదైనచో 8 పాళ్లు మించరాదనియు విత్తన ధ్రువీకరణ నియమము. మేము పరీక్షించినప్పుడు ఆ బస్తాలు ఆ హద్దును ఎన్నడో దాటిపోయి యుండెను.

తరువాత మా కార్యాలయములో లినక్సుతో నడచు చిన్న కంప్యూటరును ఆ యంత్రముల కూటమిలో చేర్చితిమి. అది వానియన్నిటి మాటలను చక్కగా వినుచున్నది. అయినను కావలివాని చేతిలోని ఫోను దానితో మాటలాడలేదు. ఇంటర్నెట్టు మూలమున వార్త పంపవచ్చును గదా యందురు. నిజమే, కాని మన ఊరిలో గాలివాన వచ్చిన రాత్రి ముందుగా పోవునది ఇంటర్నెట్టే. తేమ ముప్పు వచ్చునదియు ఆ రాత్రియే. కొట్టు వాకిట నిలుచున్న మనుష్యునికి, మధ్య ఏ కంపెనీయు, ఏ తీగయు లేకుండ, లోపలి వార్త తెలియవలెను. అందులకు కావలసిన దానినే ప్రాక్సీ యందురు.

ముందుగా బ్లూటూత్ సంగతి. అది పదవ శతాబ్దమున డెన్మార్కు దేశము నేలిన హరాల్డు రాజు మాఱుపేరు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, తోషిబా, ఐబీఎం కంపెనీలు కూటముగా చేరి, దగ్గఱి దూరములకు పనికివచ్చు ఈ రేడియో పద్ధతికి ఆ పేరు పెట్టిరి. 2010లో వచ్చిన నాలుగవ కూర్పులో స్వల్ప విద్యుత్తుతో నడచు క్రొత్త విధానము చేరినది. గుండీయంత బ్యాటరీతో నెలలతరబడి పనిచేయుట దానివలననే సాధ్యమైనది. 2017 జూలైలో ఆ విధానము మీదనే మెష్ అను పద్ధతిని ప్రకటించిరి. మెష్ అనగా వల. ఇది ముఖ్యముగా పెద్ద భవనములలోని దీపములను నడపుటకై పుట్టినది. కర్షకుల కొఱకు కాదు. నలుబది యెకరముల పొలములో దీనిని పఱచవచ్చునని చెప్పు వర్తకుని మాట నమ్మరాదు. గోడలు, కప్పు ఉన్న కొట్టులకు, కోళ్లషెడ్లకు ఇది తగును.

వలలోని యంత్రములు మాటలాడు తీరు మన ఊరి దండోరాను పోలియుండును. ఒక యంత్రము తన మాటను చాటింపుగా వేయును. విన్న ప్రతి యంత్రమును, అందజేత పని తనకు ఒప్పగింపబడి యున్నయెడల, ఆ మాటను మరల చాటును. దారి వెదకుట లేదు. ఎవరి ద్వారా పోవలెనను లెక్క లేదు. అట్లయినచో ఒక్క మాట ఊరంతయు అంతులేక తిరుగదా యను సందేహము కలుగును. అందులకు రెండు కట్టుబాట్లు కలవు. ప్రతి మాట నుదుట ఒక అంకె యుండును. అది 127కు మించదు. అందజేసినపుడెల్ల ఒకటి తగ్గును. తగ్గించుటకు వీలులేనపుడు ఆ మాట అక్కడనే ఆగును. మఱియు ప్రతి యంత్రమును తాను ఇటీవల విన్న మాటల గుఱుతులను దాచుకొని, విన్నదానినే మరల చాటదు. ఒక్కొక్క మాట మూట 29 బైట్లు మాత్రమే. బైటు అనగా ఒక్క అక్షరము పట్టు చోటని తలపుడు. పెద్ద సంగతియైనచో ముక్కలు చేసి పంపుదురు.

రహస్యము కూడ కలదు. వల కంతకు ఒక తాళపుచెవి. పనిని బట్టి, అనగా తేమ కొలుచు పనికి ఒకటి, దీపములకు ఒకటి, వేఱు తాళపుచెవులు. ఒక్కొక్క యంత్రమునకు దాని సొంతమైన తాళపుచెవి మఱియొకటి. మాటను అందజేయు యంత్రము కవరు మీది చిరునామాను చదువగలదు గాని, పని తాళపుచెవి తనకు లేనియెడల లోపలి ఉత్తరమును చదువలేదు. తపాలా బంట్రోతు వంటిదని చెప్పవచ్చును. మాకు కలిగిన అదృష్టమేమనగా, వర్తకుని పనివాడొకడు ఆ తాళపుచెవుల అంకెలను ఒక కాగితము మీద వ్రాసి యిచ్చి యుండెను. ఆ కాగితము లేకున్నచో ఇరువది యంత్రములను ఒక్కొక్కటిగా విప్పి, పాత సంగతులన్నియు తుడిచివేసి, మొదటినుండి చేర్చుకొనవలసి యుండెడిది.

ఇక ఫోను సంగతి. ఫోనులో బ్లూటూత్ రేడియో కలదు. అయినను అది ఈ దండోరాలో కలియలేదు. లోపము రేడియోలో లేదు. ఫోనును నడపు మూల ప్రోగ్రాము ఆ రేడియోను తన చేతిలో నుంచుకొని, మనము ఎక్కించుకొన్న ప్రోగ్రాములకు తమ యిష్టము వచ్చిన చాటింపు వేయుటకు అనుమతి నీయదు. అది అనుమతించునది మఱియొక రీతి: ఒకరితో ఒకరు చేయి కలిపి మాటలాడు సంబంధము. దానిని గాట్ అందురు. చేతి గడియారమో, రక్తపు పోటు కొలుచు యంత్రమో ఫోనుతో మాటలాడునది ఈ రీతిగనే. కావున మెష్ పద్ధతిని వ్రాసినవారు వలలో కొన్ని యంత్రములకు రెండు నోళ్లు ఉండవచ్చునని యేర్పఱచిరి. ఒక నోట దండోరా. రెండవ నోట గాట్. ఫోను ఆ యంత్రముతో చేయి కలుపును. ఫోను చెప్పినదానిని ఆ యంత్రము ఊరిలో చాటును. ఊరిలో విన్నదానిని ఫోనుకు చెప్పును. అట్టి యంత్రమే ప్రాక్సీ. కాలిపోయిన తెల్లని పెట్టె చేయుచుండిన పని యిదియే. మన కొట్టులో కరెంటుతో నడచు అందజేత యంత్రములు నాలుగున్నను, వర్తకుడు ప్రాక్సీ గుణమును వానిలో పెట్టక ఆ ఒక్క పెట్టెలోనే పెట్టెను. తక్కినవి బ్యాటరీవి, నిత్యము వాకిట నిలుచుట వానికి భారము.

ప్రాక్సీ పనిచేయు క్రమమును కొంచెము వివరముగా చెప్పెదము. లినక్సులో చేర్చవలసినది యిదియే గనుక. ప్రాక్సీ యంత్రము ఎల్లప్పుడు ‘ఇక్కడ గుమ్మము కలదు’ అని ఒక గుఱుతును చాటుచుండును. ఆ సేవకు ప్రపంచమంతట ఒక్కటే సంఖ్య. హెక్సాడెసిమల్ లెక్కలో 1828. దాని వెంట వల తాళపుచెవి నుండి లెక్కకట్టిన 8 బైట్ల గుఱుతు ఉండును. తాళపుచెవి గల ఫోను దానిని చూచి, ఇది నా ఊరి గుమ్మమే యని పోల్చుకొనును. చేయి కలిపిన పిమ్మట లోనికి పోవు కిటికీ ఒకటి, వెలుపలికి వచ్చు కిటికీ ఒకటి. ఆ కిటికీలు మిక్కిలి ఇఱుకైనవి. మామూలు కొలత 23 బైట్లు. అందులో మూడు సంబంధపు లెక్కలకు పోగా 20. ఒకటి ప్రాక్సీ తలకట్టుకు పోగా 19. మాట మూట 29 గదా! కావున దానిని 19గను 10గను రెండు ముక్కలు చేయవలెను. ఇది మొదటి ముక్కయా, నడిమిదియా, కడపటిదియా, లేక అంతయు ఒక్కటియేనా యని తలకట్టులోని రెండు గుఱుతులు తెలుపును. 20 సెకండ్లలో మూట పూర్తిగా అందకున్నచో చేయి విడిచివేయవలెనని నియమము.

ఇంకొక కట్టుబాటు కలదు. మేము మోసపోయినది అక్కడనే. ఊరిలోని దండోరా అంతయు ఆ ఇఱుకు కిటికీ గుండ పంపినచో ఫోను తట్టుకొనలేదు. అందుచేత ప్రతి ఫోనుకును ప్రాక్సీ ఒక జాబితా నుంచును. ఆ జాబితాలోని చిరునామాలకు పోవు మాటలనే ఫోనుకు చెప్పును. ఫోను వచ్చి చేయి కలిపిన క్షణమున ఆ జాబితా ఖాళీ. ఫోను తానుగా ఒక మాట పలికినచో దాని సొంత చిరునామా జాబితాలో చేరును. గుంపు చిరునామాలను మాత్రము అడిగి చేర్పించుకొనవలెను. మన తేమ యంత్రములు ఒక గుంపు చిరునామాకు చాటుచుండెను. మేము ఒక పరీక్ష బోర్డుతో ప్రయత్నించినపుడు ఫోను చేయి కలిపెను, వార్త మాత్రము ఒక్కటియు రాలేదు. యంత్రములు చెడినవని రెండు దినములు నిచ్చెనలెక్కి వెదకితిమి. జాబితాలో ఆ గుంపు చిరునామాను చేర్చిన నిమిషమున అన్నియు వచ్చినవి. ఈ పని తలపెట్టు ఇతర సంఘముల వారు నిచ్చెన ఎక్కుటకు ముందు జాబితా చూచుకొందురు గాక.

ఇక లినక్సు వద్దకు వచ్చెదము. లినక్సులో బ్లూటూత్ పనిని చూచు ప్రోగ్రాముల సముదాయమునకు బ్లూజీ యని పేరు. అది 2001లో లినక్సు మూలమైన కెర్నెలులో చేరినది. దాని వ్రాత అందఱికిని తెఱచి యుండును. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. మార్చి యితరులకు పంచినయెడల ఆ మార్పును కూడ తెఱచి యుంచవలెనని దాని ముఖ్య భాగముల లైసెన్సు నియమము. మెష్ వచ్చిన 2017లోనే బ్లూజీలో మెష్‌సీటీఎల్ అను ఉపకరణము వెలువడెను. అది ఫోనువలె వెలుపలనుండి ప్రాక్సీ తలుపు తట్టునది. తలుపు తట్టుట వేఱు, తలుపుగా నిలుచుట వేఱు. తరువాత బ్లూటూత్‌-మెష్‌డీ అను ప్రత్యేక సేవకుని వ్రాసిరి. ఇతడు దండోరాలో సంపూర్ణముగా పాల్గొనగలడు. మా కంప్యూటరులో నున్నది యితడే. కాని ఇతనిని చాటింపు మార్గము మీదనే నిర్మించిరి. మేము వాడిన కూర్పులో గాట్ నోరు లేదు. ఎవరైనను ‘నీకు ప్రాక్సీ గుణమున్నదా’ యని వల పద్ధతిలో అడిగినచో, ఉన్నది కాని ఆపియున్నది యనుటకు సున్న, నడచుచున్నది యనుటకు ఒకటి, అసలే లేదనుటకు రెండు అని జవాబు చెప్పవలెను. మన సేవకుడు రెండు అని నిజము చెప్పును.

అయినచో చేర్చుటకు కష్టమేమి? కిటికీలు రెండు, ముక్కలు చేయుట, జాబితా. నాలుగు వారముల పని గాదా యని మేమును తలచితిమి. మన గుమాస్తాగారి కుమారుడు ఇంజనీరింగు చదివినవాడు. అతడు ఆ వ్రాతను చదివి మాకు చూపిన పిమ్మట అసలు చిక్కు ఎక్కడనో తెలిసినది. రేడియో ఒక్కటి, సేవకులు ఇద్దఱు. గాట్ సంబంధములను చూచువాడు బ్లూటూత్‌డీ అను పాత సేవకుడు. మెష్‌డీ మొదట వచ్చినపుడు రేడియోను తానొక్కడే పట్టుకొని, రెండవవానికి ఈయకుండెను. ఒకే కాలువ మీద ఇద్దఱు రైతులు, ఒకడు తూము మూసి తాళము పెట్టుకొన్నట్లు. అట్టి స్థితిలో ప్రాక్సీ కావలెనన్నచో గాట్ పనియంతయు మెష్‌డీలో మరల మొదటినుండి వ్రాయవలెను. ఉన్న పనినే రెండవసారి చేయుట, తప్పులను రెండింతలు చేయుట.

2022లో ఈ చిక్కు కొంత విడిపోయెను. కెర్నెలులోనే మెష్ చాటింపులను పంపుటకు, వినుటకు ఆజ్ఞలను చేర్చిరి. ఇప్పుడు తూము తాళము కెర్నెలు చేతిలో నుండి, ఇద్దఱు సేవకులును వంతు ప్రకారము వాడుకొనవచ్చును. ఈ మార్పు వచ్చిన పిమ్మట మా మనసున సరియైన మార్గమిది. మెష్‌డీ గాట్ పనిని తాను చేయరాదు. లినక్సులోని ప్రోగ్రాములు ఒకదానితో నొకటి మాటలాడుకొను డీబస్ అను మార్గమున బ్లూటూత్‌డీ వద్దకు పోయి, ‘నా పేర 1828 సేవను నమోదు చేయుము, నా గుఱుతును చాటుము’ అని కోరవలెను. ఏ సామాన్య ప్రోగ్రామైనను ఇట్లు సేవను నమోదు చేయుటకు బ్లూటూత్‌డీలో ముందునుండియే ఏర్పాటు కలదు. వచ్చిన ముక్కలను మెష్‌డీ కూర్చి, మూటను తన లోపలి వల పొరకు అప్పగించును. ఆ పొర దృష్టిలో గాట్ అనునది చాటింపువంటి మఱియొక మార్గము మాత్రమే.

ఇందులో జాగ్రత్త పడవలసిన చోటులు మూడు నాలుగున్నవి. గాట్ గుండ వచ్చిన మాటను, అందజేత గుణము ఆపియున్నను, ఊరిలో చాటవలెను. ఊరిలో విన్నదానిని గాట్ వైపునకు పంపవలెను. అందజేతలో వలెనే నుదుటి అంకెను తగ్గింపవలెను. ఇద్దఱు ఫోనులవారు ఒకేసారి వచ్చినచో ఎవరి జాబితా వారిది. వల తాళపుచెవిని మార్చు కాలమున చాటు గుఱుతును కూడ మార్పవలెను. ఇది మఱచినచో తాళపుచెవి మార్చిన మఱునాడు ఫోనులన్నియు గుమ్మము కానక తిరుగును. వల యజమాని ప్రాక్సీని ఆపుమని ఆజ్ఞ యిచ్చినచో చేయి కలిపియున్న వారినందఱిని విడిచివేయవలెను. ఇవి వ్రాతలో కొలది పంక్తులే. పరీక్షలేక వ్రాసినచో ప్రతిదియు ఒక రాత్రి నిద్రను తినును.

వ్రాత ఎంత బాగున్నను రేడియో ఒక్కటే గదా. ఫోనుతో చేయి కలిపి మాటలాడు సమయమున చాటింపులను వినుటకు దానికి సందు దొఱకదు. చాటింపులు 37, 38, 39 అను మూడు పథములలో వచ్చుచుండును. వినని మాట పోయినట్లే. కావున కొట్టు వంటి చోట చవుకగా దొఱకు యూఎస్‌బీ బ్లూటూత్ ముక్కను రెండవదిగా పెట్టి, ఒకదానిని దండోరాకు, ఒకదానిని ఫోనులకు కేటాయించుట మేలని మా అభిప్రాయము. కెర్నెలు పంచియిచ్చునుగదా యని ఒక్కదానితోనే సరిపెట్టుట ఇంటిదీపములకు చాలును, విత్తనములకు చాలదు.

పాలకవర్గము ముందు ఇప్పుడు రెండు మార్గములున్నవి. మఱియొక వర్తకుని పెట్టె కొనుట ఒకటి. అది వారములో వచ్చును, పనిచేయును, ఆ వర్తకుడున్నంత కాలము నిలుచును. రెండవది, బ్లూజీకి ప్రాక్సీని చేర్చు పనిలో మన పిల్లవానికి కొన్ని నెలల భత్యమిచ్చి పాలుపంచుకొనుట. ఫలము మనకు మాత్రమే చెందదు, ఎవరైనను వాడుకొందురు. ఊరక వాడుకొనువారికొఱకు మన సొమ్మేల యని కొందఱు సభ్యులు అనిరి. మేము వారికి చెప్పినదేమనగా, ఇంతవఱకు మన కార్యాలయములో ఇరువదేండ్లకు పైబడిన యితరుల శ్రమను మనమే ఊరక వాడుకొనుచున్నాము. చేర్చిన మార్పు పెద్దలు పరిశీలించి అంగీకరించువఱకు ఎన్ని మార్లు తిరిగి వ్రాయవలసివచ్చునో ముందుగా చెప్పజాలము. చిన్న చిన్న మార్పులుగా, ఒక్కొక్కదానికి కారణము వ్రాసి పంపినచో త్వరగా చదువుదురు. ఒకేసారి పెద్ద మోపు పంపినచో మూలబడును. ఈ సంగతి మన ఋణపు దరఖాస్తుల విషయమున సభ్యులకు అనుభవమే.

అంతవఱకు తాత్కాలికముగా ఒక ఏర్పాటు చేసితిమి. జెఫిర్ అను మఱియొక తెఱచిన ప్రోగ్రాము కలదు. అది 2016లో లినక్సు ఫౌండేషను ఆధ్వర్యమున ప్రకటింపబడినది. చిన్న బోర్డులను నడపుటకైనది. అందులో మెష్ ప్రాక్సీ ఉన్నది. అట్టి బోర్డును కరెంటుకు తగిలించి, కొట్టు వాకిలి పైన పెట్టితిమి. పిడుగునుండి కాపాడు సాధనమును ఈసారి మఱువలేదు. లినక్సు కంప్యూటరు లోపల వినుచుండును. బోర్డు వాకిట ఫోనులకు చెప్పుచుండును. పిల్లవాడు వ్రాయు ప్రాక్సీని పరీక్షించుటకును ఇదియే ఒరగల్లు: రెండు గుమ్మములును ఒకే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పుచున్నవో లేదో చూచుటకు వీలగును.

తాళపుచెవుల కాగితమునకు మూడు నకళ్లు తీసి, ఒకటి సంఘపు ఇనుపపెట్టెలో, ఒకటి అధ్యక్షులవారి యింట, ఒకటి జిల్లా బ్యాంకు లాకరులో ఉంచితిమి. వానలకు ముందు వచ్చు ఆదివారము ఉదయము కొట్టు వాకిట మేము ఉందుము. ఫోనులు తెచ్చుకొన్న సభ్యులకు ప్రోగ్రామును ఎక్కించి, గుంపు చిరునామాను చేర్చు విధమును చూపెదము. పడమటి గోడ కప్పు పెంకులు మార్చు పని కూడ ఆ దినముననే కలదు గనుక, చేతనైనవారు నిచ్చెనలు తీసికొని రావలెను.